విరిగిన లోహాన్ని తుక్కుకు అమ్మవద్దు

సంగారెడ్డి జిల్లా ఇంద్రేశం చుట్టూ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం దాకా పరుచుకున్న మందుల పరిశ్రమల్లో స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టర్లు, పైపులు ఎన్నో ఉంటాయి. తుప్పు పట్టదని పేరున్న ఆ ఉక్కు కూడా పగులుతుంది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం ఉక్కులో వెల్డింగు మిగిల్చిన లాగుడు బలానికి క్లోరైడు లవణాలు, దాదాపు 60 డిగ్రీలు దాటిన వేడి తోడైతే, పైకి మెరుస్తూనే లోపల సన్నని పగుళ్లు కొమ్మలుగా చీలుతూ పాకుతాయి. దీనిని స్ట్రెస్ కొరోజన్ అంటారు. వేడి పోకుండా పైపుకు చుట్టిన ఇన్సులేషన్‌లోకి వాననీరు దిగి, నీరు ఆవిరై లవణం మిగిలిపోయినచోట ఈ పగులు పైపు వెలుపలి నుంచే మొదలవుతుంది కనుక, చుట్టు విప్పేదాకా ఎవరి కంటా పడదు.

ఒక భాగం ఎందుకు విరిగిందో తెలిపేది దాని విరిగిన ముఖమే. రియాక్టర్‌లో సరుకును కలియబెట్టే అజిటేటర్ షాఫ్టు విరిగితే, తాళపుగాడి (కీవే) మూల దగ్గర మొదలై ఒకదాని వెంట ఒకటిగా సాగిన వంపు గీతలు అది ఒక్క దెబ్బకు కాక, తిరిగి తిరిగి అలసి (దీనినే ఫెటీగ్ అంటారు) కొద్దికొద్దిగా తెగిందని చూపిస్తాయి. అయితే రెండు ముక్కలనూ అతికించి చూసినా, తీగబ్రష్షుతో రుద్దినా ఆ గీతలు చెరిగిపోతాయి. 1954లో ఎల్బా ద్వీపం దగ్గర కూలిన కామెట్ విమానం శకలాలను సముద్రగర్భం నుంచి ఏరి తెచ్చి పరీక్షించడం దాని లోహపు అలసటను బయటపెట్టడానికి తోడ్పడింది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొంది. దానికి మూలం లోహంలోనే ఉందని ఇక్కడి వాదన కాదు. అంతటి దుఃఖం తరువాతనైనా ఈ ప్రాంతంలో విరిగిన ప్రతి ముఖ్యభాగాన్నీ సాక్ష్యంగా కాపాడాలన్నదే వాదన. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై కందికి తరలిన ఐఐటీ హైదరాబాద్‌లో పదార్థ విజ్ఞాన, లోహశాస్త్ర విభాగం ఉంది. హైదరాబాద్ నగరంలో రక్షణ లోహ పరిశోధనశాల, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్నాయి. ఇంత విద్య ఇంత దగ్గరలో ఉండగా విరిగిన షాఫ్టు తుక్కు దుకాణానికి చేరడం క్షమించరానిది. లోహశాస్త్ర విద్యార్థి ప్రయోగశాలలో ప్రామాణిక నమూనాను లాగి తెంచి నేర్చుకునే పాఠం అవసరమే, కానీ అతని చేతికి ఈ పారిశ్రామికవాడలో నిజంగా విరిగిన భాగం ఒక్కటైనా అందాలి. ప్రమాదం జరిగిన కర్మాగారంలోని శకలాలను పరీక్షించనిదే తరలించరాదని ఫ్యాక్టరీల శాఖ ఆదేశించాలి, ఆ పరీక్షల నివేదికలను కార్మికులకు తెలుగులో ఇవ్వాలి.