బాడుగ కారు... బంధుమిత్ర సపరివారంగా!

సినిమాల్లో హీరోకి కారు ఎలా వస్తుందో ఎప్పుడైనా గమనించారా? పాట మొదలవగానే వచ్చేస్తుంది! బాడుగ ఎంత, బత్తా ఎవరిది, డీజిల్ ఎవరు కొట్టించాలి... ఈ గొడవలేవీ ఉండవు. హీరో, హీరోయిన్ ఇద్దరే ఎక్కుతారు. వెనక సీటంతా ఖాళీ! అవ్వ ఉండదు, సంచులుండవు, పులిహోర డబ్బా అసలే ఉండదు. మన ఇళ్లలో కథ వేరు. కారు ఒకటి, జనం ఏడుగురు, అభిప్రాయాలు పధ్నాలుగు!

ఈ మాట ఇప్పుడెందుకంటే, పుంగనూరు నుంచి డిగ్రీ చదివే ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. సినిమా తారల పుట్టినరోజులు అడుగుతుందేమో అనుకుని విప్పితే, లోపల కారు పంచాయితీ! వీళ్లూ, మదనపల్లెలో ఉండే మేనమామ కుటుంబమూ కలిసి రెండు రోజులు తిరగాలట. మొదటి రోజు బోయకొండ గంగమ్మ, హార్సిలీ హిల్స్. రెండో రోజు కుప్పంలో పిన్నమ్మ ఇంట్లో భోజనం. ఇక కారు సంగతికొస్తే - తమ్ముడికి డ్రైవరు లేకుండా తనే తోలే థార్ కావాలి. మామ "నా ఫ్రెండ్ సొంత బండి ఉంది, సగం డబ్బుతో అయిపోతుంది" అంటున్నాడు. నాన్న ట్రావెల్స్ బండి తప్ప ఎక్కనంటున్నాడు. అవ్వ మాత్రం, "ఏ బండైతే నాకేం నాయనా, కాళ్లు చాపుకోనిస్తే చాలు" అంది. "అన్నా, ఏ బండి మాట్లాడుకోమంటావు?" అని సోదరి ప్రశ్న.

నా ఓటు అవ్వకి. ఎందుకో చెబుతాను.

ముందు తమ్ముడి సంగతి తేల్చేద్దాం. మూడు తలుపుల థార్‌లో సీట్లు నాలుగే! మిగతా ముగ్గురూ పైన కూర్చుంటారా? స్టంట్ మాస్టర్లకైతే సరే. పైగా అందులోకి ఎక్కడం మోకాళ్ల నొప్పులున్న మనిషికి చిన్న పర్వతారోహణ.

ఇప్పుడు లెక్క జాగ్రత్తగా వినండి. బండి మాట్లాడేటప్పుడు చాలామంది చిత్తయ్యేది ఇక్కడే. 'సెవెన్ సీటర్' అంటే డ్రైవరుతో కలిపి ఏడు! ట్రావెల్స్ వాళ్లు దాన్నే 'సిక్స్ ప్లస్ వన్' అంటారు. మీరు ఏడుగురూ, డ్రైవరూ కలిస్తే ఎనిమిది. కాబట్టి అడగాల్సింది 'సెవెన్ ప్లస్ వన్'. ఎర్టిగాలో ఇది కుదరదు. ఇన్నోవాలో ఎనిమిది సీట్లదీ ఉంది, ఏడు సీట్లదీ ఉంది. "ఇన్నోవా పంపించు అన్నా" అని ఊరుకుంటే ఏది వస్తుందో మీ అదృష్టం. వచ్చాక తెల్లవారుజామున వాకిట్లో నిలబడి, "అత్తా, కాస్త సర్దుకో" అంటే... ఆ సర్దుకోవడం 300 కిలోమీటర్లు! అంతకంటే పెద్ద చిక్కు, ఆర్‌సీలో రాసిన సంఖ్య కంటే ఎక్కువమంది ఉంటే దారిలో ఫైన్ పడుతుంది. ప్రమాదం జరిగితే అదే సంఖ్యని ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడుగుతారు.

సీట్లు సరిపోయాయి, మరి సామాను? ఎర్టిగాలో మూడో వరస సీటు పైకి లేపి ఉంటే వెనక మిగిలే జాగా 209 లీటర్లు. అంకె బాగానే ఉంది గానీ, అందులో ఒక సూట్‌కేసూ రెండు చేతిసంచులూ పట్టేసరికి డిక్కీ మూత అలుగుతుంది. బోయకొండకి వెళ్లే కుటుంబం సూట్‌కేసుతో పోతుందా? అక్కడ పొంగలి పెట్టాలి, మొక్కు తీర్చాలి, వండుకుని తినాలి. గిన్నెలు, గరిటెలు, బియ్యం మూట! అందుకని పైన కారియర్ ఉన్న బండి అడగండి. పొట్టేలు మొక్కు ఉంటే అది కూడా ముందే చెప్పాలి. బండి వాకిట్లోకి వచ్చాక పొట్టేలుని చూపిస్తే ఏ డ్రైవరైనా తాళాలు జేబులో వేసుకుని టీ తాగడానికి పోతాడు. ఆయన తప్పేం లేదు. ఆ వాసన సీట్లకి వారం ఉంటుంది, మర్నాడు ఆ బండి ఎవరి పెళ్లికో పోవాలి.

ఇక మూడో వరసలో ఎవరు కూర్చోవాలి? ఇళ్లలో పెద్ద యుద్ధాలు దీనిమీదే. నా తీర్పు - కాలేజీ వాళ్లు. అవ్వ మధ్య వరసలో కిటికీ పక్కన. ఘాట్ రోడ్డులో వాంతి వచ్చేవాళ్లెవరైనా ఉంటే ముందు సీటు వాళ్లదే, హోదా చూడొద్దు. హార్సిలీ హిల్స్ ఎత్తు 4,000 అడుగుల పైమాటే. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్లీ దొర ఆ చల్లదనానికి మోజుపడి పైన బంగళా కట్టించుకున్నాడు. ఆయన కాలంలో మలుపు మలుపుకీ బ్రేకు వేసే కారు లేదు కాబట్టి ఆయనకి వాంతుల బాధ ఉండి ఉండదు లెండి! నిండా జనంతో, కారియర్ మీద సామానుతో చిన్న ఇంజను బండి ఆ కొండ ఎక్కుతుంటే కొన్ని మలుపుల దగ్గర ఏసీ కట్టేయాల్సి వస్తుంది. డ్రైవరు కడితే అలగకండి, కొండగాలి ఉచితం.

మామ గారి మాటకొద్దాం. ఫ్రెండ్ సొంత బండి, సగం డబ్బు. వినడానికి తియ్యగా ఉంది. 2018లో విజయ్ దేవరకొండ 'టాక్సీవాలా' చూశారు కదా? పాత కాంటెస్సా కారు దొరికిందని సంబరపడి ట్యాక్సీగా తిప్పితే లోపల దయ్యం ఉంటుంది. మామగారి ఫ్రెండ్ బండిలోనూ ఒక దయ్యం ఉంది. దాని పేరు ఇన్సూరెన్స్!

నంబరు ప్లేటు చూడండి. తెల్లప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకానికి. పసుపు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. నలుపు మీద పసుపు అక్షరాలుంటే మనమే తోలుకోవడానికి బాడుగకిచ్చే బండి. తెల్లప్లేటు బండి పాలసీ కాగితం తిప్పి చదివితే, బాడుగకి తిప్పితే ఈ భీమా వర్తించదని స్పష్టంగా ఉంటుంది. చిన్న గీత పడితే ఫ్రెండ్, మామ చూసుకుంటారు. అదే పెద్ద దెబ్బ తగిలితే? ఆసుపత్రిలో ఉన్నది మీ అవ్వ, కోర్టు మెట్లెక్కేది మామ ఫ్రెండు. స్నేహమూ పోయె, డబ్బూ పోయె. డబ్బు తీసుకోకుండా ఉత్తినే బండి ఇస్తే అది వేరే సంగతి. అంత మంచి ఫ్రెండ్ ఉంటే మామ కాళ్లకి నేనూ దణ్ణం పెడతాను.

మరి తమ్ముడు తోలతానన్న బండి? 1989లో కేంద్రం 'రెంట్ ఎ క్యాబ్' అని ఒక పథకం తెచ్చింది. మనమే తోలుకునే బాడుగ కార్లు ఆ లైసెన్సు కిందే నడవాలి. ఆ నల్లప్లేటు ఉంటే తమ్ముడు తోలొచ్చు, లైసెన్సు కార్డు చేతిలో ఉంటే! బండి తీసుకునే ముందు చుట్టూ తిరిగి ప్రతి గీతనీ ఫోన్లో వీడియో తీయండి, డీజిల్ ముల్లునీ మీటరునీ కలిపి. దెబ్బ తగిలితే మీ జేబు నుంచి ఎంతవరకు పోతుందో రాతలో చూసుకోండి. తెల్లప్లేటు బండిని 'సెల్ఫ్ డ్రైవ్' అని యాడ్ వేసేవాళ్లూ ఉన్నారు. ప్లేటు చూడగానే వెనక్కి తిరిగి రండి.

కానీ తమ్ముడూ, నాదొక్క మాట. రెండు రోజుల టూరంతా నువ్వే స్టీరింగు పట్టుకుంటే బోయకొండ చూసేదెవరు? పులిహోర తినేదెవరు?

నాన్న చెప్పిన ట్రావెల్స్ బండే మంచిదని నా ఉద్దేశం. అయితే బాడుగ మాట్లాడే తీరు ఒకటుంది. బయటి ఊళ్లకైతే రోజుకి కనీసం 300 కిలోమీటర్ల డబ్బు కట్టాలంటారు, కొందరు 250 అంటారు. మీరు రెండు రోజులూ కలిపి తిరిగేది అటూ ఇటుగా 320. మాటవరసకి కిలోమీటరు 15 రూపాయలు అనుకోండి. తిరిగినదానికైతే 4,800. కనీసం లెక్కన 600 కిలోమీటర్లకి 9,000! అందుకని ఇలాంటి దగ్గర ఊళ్ల ప్రయాణానికి "రోజు బాడుగ మీకు, డీజిల్ మాది" అని మాట్లాడుకుంటే చాలాసార్లు కలిసొస్తుంది. మీటరు లెక్క వాళ్ల షెడ్డు దగ్గర మొదలవుతుందా, మీ వాకిట్లోనా అన్నది కూడా ముందే తేల్చుకోండి. బండి మదనపల్లె నుంచి వస్తే పుంగనూరికి 30 కిలోమీటర్లు ఉత్తినే కలుస్తాయి. టోలు, పార్కింగు, డ్రైవరు బత్తా... అన్నీ వాట్సాప్‌లో ఒక మెసేజీగా రాయించుకోండి. నోటి మాటకి సాక్షి ఉండడు.

డ్రైవరు అన్నాను కాబట్టి అసలు సంగతి. 1961లో ఎన్టీ రామారావు 'టాక్సీ రాముడు' వచ్చింది. అదే ఏడాది పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది. రోజుకి 8 గంటలు పని, 5 గంటలు దాటకుండా అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. సినిమా రాముడికి అలుపు లేదు గానీ మన డ్రైవరన్నకి ఉంటుంది! ముందు రోజు రాత్రి తిరుపతి ట్రిప్పు కొట్టి, తెల్లారి నాలుగింటికి మీ వాకిట్లో నిలబడే మనిషిని మీరు కళ్లలోకి చూడాలి. "అన్నా, రాత్రి ఎంత సేపు నిద్ర పోయినావు?" అని అడగండి. సిగ్గుపడొద్దు. నిద్ర లేదంటే కాఫీ ఇచ్చి రెండు గంటలు మీ అరుగు మీదే పడుకోమనండి. బోయకొండ ఎక్కడికీ పోదు. కారు మోడల్ గురించి వారం రోజులు కొట్టుకునే ఇంట్లో ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు ఎప్పుడూ వింతే. కుప్పంలో పిన్నమ్మ ఇంట్లో మీరు భోంచేస్తుంటే ఆయనకీ విస్తరి వేయించండి, ఆ తర్వాత ఒక గంట కునుకు తీయనివ్వండి. బత్తా ఇచ్చాం కదా అని బయట వదిలేస్తే, ఆయన నిద్ర తిరుగు ప్రయాణంలో వస్తుంది.

రెండో రోజు దారి మాటకొస్తే, మీరు అదృష్టవంతులు. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఊళ్లని ఒకే దారంలో గుచ్చి తమిళనాట కృష్ణగిరి వైపు దిగిపోతుంది. ఇంత పొడుగు దారిలో మీకు ఎదురయ్యేవి రెండు. ఒకటి, మదనపల్లె మార్కెట్టు నుంచి బయల్దేరిన టమోటా లారీ. సరుకు మెత్తబడకముందే చేరాలని దానికి తొందర, దారి ఇచ్చేయండి. రెండోది ఏనుగులు. పలమనేరు, కుప్పం చుట్టూ ఉన్న కౌండిన్య అడవి ఏనుగులది. పొద్దుగూకాక చేలల్లోకి, రోడ్ల మీదికి వస్తాయి. మధ్యాహ్నం మూడింటికల్లా కుప్పం నుంచి బయల్దేరితే వెలుగుండగానే పలమనేరు దాటతారు. ఎదురుపడితే దిగి సెల్ఫీ తీసుకోవడం మాత్రం వద్దు. ఫోటో కావాలంటే పుంగనూరు ఆవుతో తీసుకోండి. మూడడుగుల ఎత్తు, తొక్కదు, మీ ఊరిదే!

ఉత్తరం చివర తమ్ముడి కోరిక ఇంకొకటి ఉంది. కుప్పం దాకా వెళ్లాక కేజీఎఫ్ చూడకుండా రావడమేంటని! 2018లో యశ్ సినిమా వచ్చినప్పటి నుంచి ఆ పక్క కుర్రాళ్లందరికీ ఇదే జ్వరం. కుప్పం నుంచి సుమారు గంట ప్రయాణం. బంగారు గనులు 2001లోనే మూతపడ్డాయి, ఇప్పుడు కనిపించేవి గనిమట్టి దిబ్బలు. రాకీ భాయ్ ఉండడు. అవ్వని ఒప్పించాలంటే దగ్గర్లోనే కమ్మసంద్రంలో కోటిలింగేశ్వరస్వామి ఉన్నాడని చెప్పండి, ఆవిడే ముందు ఎక్కుతుంది. కాకపోతే అది కర్ణాటక! బండికి ఆల్ ఇండియా టూరిస్టు పర్మిట్ ఉందా అని బుక్ చేసే రోజే అడగండి. 2021 నుంచి ఆ పర్మిట్ ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు, ఉంటే ప్రతి రాష్ట్రంలో విడిగా పన్ను కట్టే పని లేదు. లేకపోతే చెక్‌పోస్టు దగ్గర బండి ఆగుతుంది, బేరం మొదలవుతుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఫోన్లో మ్యాపు దగ్గరి దారి అంటూ ఏ రాష్ట్రంలోకి తిప్పుతుందో చూసి మరీ మలుపు తిరగండి.

ఇక పాటల గొడవ. అవ్వకి ఘంటసాల, తమ్ముడికి తమన్. రెండు పాటలకొకటి చొప్పున పంచుకోండి, మీటా నొక్కే అధికారం సోదరిది. హార్సిలీ హిల్స్ ఘాట్ మొదలవగానే మాత్రం అన్నీ కట్టేయండి. మలుపు అవతలి నుంచి వచ్చే బస్సు హారన్ డ్రైవరన్నకి వినపడాలి.