ఇంటి ముచ్చట: గిన్నెల మెషీను కదలనప్పుడు



ఈ నెల మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాము. మా ఇంటావిడ కుడిచేతికి ఆపరేషను జరిగి, మూడు నెలలపాటు చేయి తడపవద్దని డాక్టరుగారు చెప్పారు. అప్పుడు బంధువులు గిన్నెలు కడిగే మెషీను ఒకటి కొనిపెట్టారు. ఒక రాత్రి ఇంటికి వచ్చిన అతిథులు భోజనాలు ముగించి వెళ్ళాక, గిన్నెలన్నీ మేమే సర్ది, తలుపు వేసి మీట నొక్కాము. లైట్లు వెలిగాయి గాని మెషీను కదలలేదు. పదిసార్లు నొక్కినా అంతే.

మరునాడు పొద్దున్నే పనికి సాయం చేసే అక్క వచ్చింది. "నిన్న వంటగది తుడుస్తూ దీని కింద నీళ్ళు పోసి ఉంటావు, పాడైపోయింది" అని గట్టిగా అన్నాము. "నేను ముట్టుకోలేదు అయ్యగారూ" అంది ఆమె. మేము నమ్మలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మరునాడు పనికి రాలేదు.

మెకానిక్కు వచ్చి తలుపు తీసి చూశాడు. కింది జాలీలోనుండి పొడవాటి గరిటె కాడ ఒకటి బయటికి పొడుచుకొని ఉంది. దాన్ని తిప్పి పెట్టి తలుపు నెట్టాడు. 'టక్' మని శబ్దం వచ్చింది. మెషీను నడిచింది. ఆ గరిటె పెట్టింది మేమే. అతనికి ఇచ్చిన డబ్బుకన్నా అక్కను అన్న మాటే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

అందుచేత ఇలాంటి మెషీను ఉన్న ఇళ్ళవారికి, ఎవరినీ ఏమీ అనకముందు వరుసగా చూసుకోవలసినవి చెబుతాము. బయటినుండి లోపలికి చూసుకుంటూ రావడమే దీనికి పద్ధతి.

మొదట, లైట్లు అసలు వెలుగుతున్నాయా? వెలగకపోతే తప్పు కరెంటుది కావచ్చు. మన ఇళ్ళల్లో ఒక మోసం ఉంది. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద ఫ్యాన్లూ లైట్లూ నడుస్తుంటాయి గనుక కరెంటు ఉందనే అనుకుంటాము. పెద్ద ప్లగ్గుకు సాధారణంగా ఇన్వర్టరు కలపరు. గోడ స్విచ్చి, ఎం.సి.బి. కూడా చూడండి. నీళ్ళు కాగేటప్పుడు ఈ మెషీను సుమారు 2000 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల మీద అది దాదాపు 9 ఆంపియర్లు. గనుక 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు గాని, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గాని తగిలించకూడదు. ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గే కావాలి. ఎం.సి.బి. ఒకసారి పడిపోతే లేపి చూడవచ్చు. మళ్ళీ పడితే ఇక ముట్టుకోవద్దు, ఎలక్ట్రీషియన్ను పిలవండి.

రెండవది, లైట్లు వెలిగి కూడా కదలకపోతే తలుపు చూడండి. తలుపు పూర్తిగా పడిందని తెలిస్తేనే మెషీను మొదలవుతుంది. లేకపోతే వేడినీళ్ళు వంటగదిలోకి చిమ్ముతాయి. గరిటె కాడ, పెద్ద పళ్ళెం, సరిగా లోపలికి నెట్టని జాలీ, వీటిలో ఏది అడ్డుపడినా గొళ్ళెం పడదు. 'టక్' శబ్దం వినాలి. కొన్ని రకాల్లో మీట నొక్కిన కొద్ది సెకండ్లలోనే తలుపు వేయాలి, ఆలస్యమైతే మొదలు కాదు.

మూడవది, మీటల సంగతి. పిల్లలు నొక్కకుండా ఉండే తాళం పడి ఉంటే ఏ మీటా పని చేయదు. ఆలస్యంగా మొదలయ్యే ఏర్పాటు పొరపాటున నొక్కి ఉంటే, అది మూడు గంటలో ఆరు గంటలో ఆగి తనంతట తానే మొదలవుతుంది. మెషీనుతో వచ్చిన పుస్తకం తీసి ఈ రెండూ ఎలా తీసేయాలో చూడండి. ఉప్పు అయిపోయిందనే లైటు వెలిగినంత మాత్రాన సాధారణంగా మెషీను ఆగిపోదు. అయినా మన బోరు నీళ్ళకు ఆ ఉప్పు అవసరమే. మామూలు వంట ఉప్పు కాదు, దానికని అమ్మేదే వేయాలి.

నాలుగవది, మొదలై కాసేపు గుర్రుమని ఆగిపోతే నీళ్ళు రావడం లేదేమో చూడాలి. కొళాయి తిప్పి ఉందా? పైపు గోడకూ మెషీనుకూ మధ్య నలిగిందా? పై ట్యాంకులో నీళ్ళున్నాయా? చాలా మెషీన్లకు 0.5 బార్ ఒత్తిడి కావాలి, అంటే ట్యాంకు నీళ్ళు సుమారు 5 మీటర్ల ఎత్తున ఉండాలి. ఒత్తిడి సరిపోకపోతే చిన్న పంపు అమర్చుకోవలసి రావచ్చు. కొళాయి కట్టి, ప్లగ్గు తీసి, పైపు విప్పితే లోపల చిన్న జల్లెడ కనబడుతుంది. బోరు ఇసుక దానిలో పేరుకుంటుంది. పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది కడిగితే చాలు.

ఐదవది, మెషీను అడుగు పళ్ళెంలో నీళ్ళు చేరితే లోపల ఒక తేలుడు మీట లేచి పని ఆపేస్తుంది. అది ఇల్లు తడవకుండా పెట్టిన కాపలా. అప్పుడు కొళాయి కట్టి, ప్లగ్గు తీసి మెకానిక్కును పిలవండి. కాలిన వాసన వచ్చినా, షాకు కొట్టినా అంతే. వెనుక రేకు మీరే విప్పవద్దు.

ఇవేవీ కాకపోతే గోడ స్విచ్చి ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ వేయండి. కొన్నిసార్లు అంతటితోనే సర్దుకుంటుంది.

ఈ సందర్భంలో ఒక సంగతి. అమెరికాలో జోసెఫీన్ కొక్రేన్ అనే స్త్రీ 1886లో గిన్నెలు కడిగే యంత్రానికి పేటెంటు పొందింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రాలను చాలామంది చూశారు. పనివారి చేతుల్లో తన పింగాణీ పళ్ళాల అంచులు విరుగుతున్నాయని ఆమె ఈ ఆలోచన చేసిందని చెబుతారు. ఆమె పళ్ళాల సంగతి ఏమో గాని, మా ఇంట్లో మాత్రం విరిగింది పనిమనిషి మనసు, విరిచింది మేము.

ఆ సాయంత్రమే మేమిద్దరం అక్క ఇంటికి వెళ్ళాము. "తప్పు మాది అక్కా, గరిటె మేమే పెట్టాము" అన్నాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పోనీలెండి అయ్యగారూ, అమ్మగారి చెయ్యి ఎలా ఉంది?" అని అడిగింది. మరునాడు పనికి వచ్చింది. ఆ నెల ఆమె రాని రోజుకు జీతం కోయలేదు. అది దయ కాదు, మా బాకీ.

ప్రియులారా, యంత్రం ఆగినప్పుడు వరుసగా వెదకండి: కరెంటు, తలుపు, మీటలు, నీళ్ళు. ఆ వరుస పూర్తికాకుండా మనిషి దగ్గరికి మాత్రం వెళ్ళకండి. మెకానిక్కు ఐదు నిమిషాల్లో సరిచేసి వెళ్ళిపోతాడు. మాట దొర్లితే సరిచేయడానికి మనమే వెళ్ళాలి.