దెయ్యాల సినిమాలో పోలీసు బండి

దెయ్యాల సినిమాలంటే పనిలేనివాళ్లు చూసేవని మన సంఘాల్లో కొందరంటారు. మేం ఒప్పుకోం. భయం అందరికీ ఒకటి కాదు. ఎవరికి ఏం చూస్తే భయమో అడగండి, వాళ్లుండే వాడ ఏదో తెలిసిపోతుంది. అమెరికాలో రెండు సినిమాలు ఆ పనే చేశాయి.

1968లో జార్జి రొమేరో అనే తెల్లాయన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. శవాలు లేచొచ్చి మనుషుల్ని పీక్కుతింటుంటే ఒక ఇంట్లో కొందరు దాక్కుంటారు. వాళ్లలో నల్లవాడు బెన్ ఒక్కడే. ఆ వేషం వేసింది డ్యూయేన్ జోన్స్. రాత్రంతా శవాలతో కొట్లాడి చివరికి అతనొక్కడే మిగులుతాడు. తెల్లారి పోలీసులు, తుపాకులు పట్టిన ఊరివాళ్లు వస్తారు. కిటికీలో బెన్‌ను చూసి, వీడూ శవమే అనుకుని కాల్చేస్తారు. కొక్కేలు పట్టుకుని లాక్కుపోయి మంటల్లో వేస్తారు. జోన్స్ బాగా చేశాడనే తీసుకున్నాం, రంగు చూసి కాదు అని రొమేరో చెప్పుకున్నాడు. కానీయండి. మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్‌లో చంపారు, ఈ సినిమా అక్టోబరులో వచ్చింది. జనానికి ఒకరు విడమరిచి చెప్పాలా?

రెండోది 2017లో నల్లజాతివాడే అయిన జోర్డాన్ పీల్ తీసిన 'గెటౌట్'. క్రిస్ అనే నల్ల కుర్రాడు తను ప్రేమించిన తెల్లపిల్ల ఇంటికి పోతాడు. అక్కడ ఎవరూ తిట్టరు, కొట్టరు. ఒబామా అంటే మాకు ప్రాణం అంటారు. ఆ నవ్వుల చాటున నల్లవాళ్ల ఒళ్లను వేలంలో కొని, అందులో తమ మెదళ్లు పెట్టించుకుంటారు. మన వాడలో ఒకపూట కూడు తిని పేపర్లో ఫోటో వేయించుకునే పెద్దమనుషులు గుర్తొస్తే తప్పు మాది కాదు.

చివర్లో క్రిస్ తప్పించుకుని రోడ్డెక్కుతాడు. నెత్తుటి మడుగులో తెల్లపిల్ల. అప్పుడు పోలీసు లైట్లేసుకుని ఒక కారొస్తుంది. మామూలు సినిమాలో పోలీసులొస్తే అమ్మయ్య అనుకుంటాం. ఇక్కడ గుండె జారిపోతుంది. దిగింది స్నేహితుడు గనక బతికాడు. పీల్ ముందు తీసిన ముగింపులో దిగింది పోలీసులే, క్రిస్ జైలుకే పోయాడు.

ఆ గుండె జారడం మనకు ఒకరు నేర్పాలా? 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసులు ఉండగానే మనవాళ్లు ఎనిమిది మందిని నరికారు.

మన తెలుగు దెయ్యాల సినిమాల సంగతేమిటి? చేతబడి చేసేవాడు చాలాసార్లు నల్లగా, గోచీతో, ఊరవతల ఉంటాడు. వదిలించే ఆయన ఒంటిమీద జంధ్యం ఉంటుంది. తెరమీద అయితే ఉత్త కథే. ఊళ్లో అదే అనుమానంతో మనవాళ్లను కొట్టి చంపారు, తగలబెట్టారు కూడా.

మన పిల్లలు ఇప్పుడు ఫోన్లతోనే చిన్న సినిమాలు తీస్తున్నారు. దెయ్యం కథ కూడా తీయండి. అర్ధరాత్రి వాడలోకి మలుపు తిరిగిన జీపు లైటుతో మొదలుపెట్టండి. చూడ్డానికి మేమొస్తాం.