పాత చుట్టం

కిందటి వేసవి సెలవల్లో మా పిన్ని మా యింటికి వచ్చింది. అరవై యెనిమిదేళ్ళ మనిషి. వచ్చిన మర్నాటినుంచీ కుడిపక్క డొక్కలో మంటగా వుందంది. "ప్రయాణం బడలికలే పిన్నీ" అన్నాను. రెండు రోజులు పోయేసరికి వీపు మధ్యనుంచి రొమ్ముదాకా నీటిపొక్కులు బారుతీరి లేచాయి.

చూడగానే మా ఆవిడ "సర్పి" అంది. పక్కింటి మామ్మగారు వచ్చి, జాజు అరగదీసి పొక్కులచుట్టూ పూసి, "తలా తోకా కలవకుండా చూసుకో నాయనా! కలిసిందా, మనిషి దక్కదు" అని హెచ్చరించి వెళ్ళారు.

ఇక నా సంగతి. తెలుగు పంతుల్ని గదా! మాట వినబడితే దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా నిద్రపట్టదు. నిఘంటువులు ముందేసుకు కూర్చున్నాను. వైద్యులు దీన్ని హెర్పిస్ జోస్టర్ అంటారు. హెర్పిస్ అంటే గ్రీకులో పాకేది. దానికీ మన సర్పానికీ మూలధాతువు ఒక్కటే. జోస్టర్ అంటే నడికట్టు. యెక్కడి గ్రీకులు, యెక్కడి మామ్మగారు! నేనీ ఆనందంలో వుండగానే నాలుగు రోజులు గడిచిపోయాయి. అయిదోనాటికి పిన్ని రాత్రంతా మూలుగుతూంటే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అమ్మా?" అని అడిగారాయన.

"పోసింది. పదో యేట."

"ఆవిడే మళ్ళీ వచ్చింది" అన్నారు.

వేపాకు నీళ్ళు పోయగానే ఆటలమ్మ వెళ్ళిపోయిందనుకుంటాం. పొక్కులు పోతాయి గాని ఆ వైరస్ పోదు. వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో దూరి, యేళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మీరో, మరో జబ్బువల్లనో ఒంట్లో రోగాన్ని అణచే శక్తి సన్నగిల్లినప్పుడు మేలుకొని, ఒక నరం వెంట చర్మానికి పాకివస్తుంది. ఇంగ్లండులో హోప్ సింప్సన్ అనే ఒక సామాన్య ఫామిలీ డాక్టరు తన రోగులను యేళ్ళపాటు గమనించి, 1965లో ఈ సంగతి విడమరచి చెప్పాడు. ఒక్కొక్క నరం ఏలుబడి ఒంట్లో ఒక పక్కకే. అంచేతనే సర్పి సాధారణంగా నడిమిగీత దాటదు. తలా తోకా కలవకపోవడం జాజు మహిమ కాదన్నమాట!

"పొక్కులు లేచిన 72 గంటల లోపల తేవలసింది" అన్నారు డాక్టరుగారు. అసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులు ఆ గడువులో బాగా పనిచేస్తాయట. కొత్త పొక్కులు యింకా లేస్తున్నాయి గనుక ఆలస్యమైనా యిచ్చారు. నేను తల వంచుకున్నాను.

పొక్కులు నెలలోపే మానాయి. నొప్పి మానలేదు. పైటచెంగు తగిలినా నిప్పు తగిలినట్లు ఉలిక్కిపడేది పిన్ని. దెబ్బతిన్న నరం చేసే గోల అది. మామూలు నొప్పి బిళ్ళలకు లొంగదు. గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి డాక్టరు చెప్పిన మోతాదులో వాడవలసివుంటుంది. "మచ్చలే మిగిలాయి గదా, యింకా నొప్పేమిటి?" అని మాత్రం యింట్లో యెవరూ అనకండి.

నుదుటిమీదా, ముక్కు కొసనా పొక్కులు లేస్తే కంటికి ముప్పు. చెవిలో లేస్తే మూతి వంకరపోవచ్చు, వినికిడి తగ్గవచ్చు. అరుదుగా మెదడుకూ వాపు వస్తుంది. విపరీతమైన తలనొప్పీ, జ్వరం, మాట తడబాటూ కనబడితే ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆటలమ్మ పోయనివారికి ఈ పొక్కుల రసి తగిలితే ఆటలమ్మ రావచ్చు. గర్భిణులనూ, పసిపిల్లలనూ దూరంగా వుంచాలి. ఆటలమ్మ పోసిన పిల్లలకు జ్వరమని ఆస్పిరిన్ వేయరాదు. అది మెదడుకూ కాలేయానికీ చేటు తేవచ్చు. యాభై దాటినవారికి సర్పి రాకుండా రెండు మోతాదుల టీకా యిప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది.

మొన్న పిన్నిని చూడబోయాను. పైట కాస్త యెత్తి పట్టుకునే అలవాటు యింకా పోలేదు.

"ఇంతకీ ఆ మాటకు అర్థం దొరికిందట్రా?" అంది నవ్వుతూ.

"దొరికింది పిన్నీ. నాలుగు రోజులు ఆగి వెతికినా దొరికేదే" అన్నాను.