పాటను వలచి జంటను వెలివేయువారు

లోకమున ప్రేమగీతమును మెచ్చనివాడు లేడు. ప్రేమించినవారిని మెచ్చువాడు మాత్రము మిక్కిలి అరుదు. ఈ రెండు గుణములును ఒకే హృదయమున నెట్లు ఇముడుచున్నవో విచారింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొన్నాను. అమెరికా దేశపు సంగీతనాటకములందలి ప్రేమగీతములు ఇందుకు చక్కని నిదర్శనము. ఆ నాటకములనుండి మేలైన ప్రేమగీతములను ఏరి కూర్చిన సంపుటములు లెక్కకు మిక్కిలిగా వెలువడినవి. రసికులు కూడినచోట ‘నీకు ప్రియమైన పాట యేది?’ యని యడుగుటయు, నాలుగైదు పేర్లు చెప్పి కన్నులు అరమోడ్చుటయు పరిపాటి. ఆ పాటలు మధురములు కావని నేననను. కాని ఆ యేరుకొనుటలో ఒక యన్యాయము జరుగుచున్నది. పాటను పుచ్చుకొని, పాడినవారికి పిమ్మట నేమి గతి పట్టెనో యడుగుట మానుచున్నారు.

మొదట ‘సౌత్ పసిఫిక్’ నాటకమును చూతము. రిచర్డ్ రాడ్జర్స్ స్వరములు కూర్పగా ఆస్కార్ హేమర్‌స్టెయిన్ గీతములు వ్రాసిన యీ నాటకము 1949 ఏప్రిల్ నెలలో న్యూయార్కున రంగమెక్కి, మరుసటి యేడు పులిట్జరు బహుమానము నందినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములందు జరిగిన కథ యిది. అందు కేబుల్ అను అమెరికా సైనికోద్యోగి, లియట్ అను టాంకిన్ దేశపు కన్యను వలచును. ఆమె చెంత నతడు పాడు పాట ప్రేమగీతసంపుటములలో తరచుగా చోటు చేసికొనునది. శ్రోత దానిని విని తలయూపును. సంపుటము మరియొక పాటకు సాగును. నాటకమట్లు సాగదు. కన్యతల్లి పెండ్లిమాట యెత్తగనే కేబుల్ వెనుదీసి, ఆమెను పెండ్లియాడజాలనని పలుకును. అతనికి ప్రేమ తరిగినదా? లేదు. పుట్టి పెరిగిన సంఘము నేర్పిన జాతిభేదము అతని గొంతు పట్టుకొన్నది. అటుపిమ్మట ఆ నోటితోనే అతడు మరియొక పాట పాడును. పరజాతిద్వేషము పుట్టుకతో వచ్చునది గాదనియు, పెద్దలు పసితనమున శ్రద్ధగా నేర్పినగాని యది యలవడదనియు దాని తాత్పర్యము.

ఈ రెండు పాటలును ఒక్క మనుష్యునివే. అయినను మొదటిదానిని ప్రేమగీతమని నెత్తికెత్తుకొనుచు, రెండవదానిని ప్రచారమని ప్రక్కకు నెట్టువారు కలరు. మొదటిది వాగ్దానము; రెండవది ఆ వాగ్దానమును తప్పినవాని యొప్పుకోలు. ఒప్పుకోలును దాచి వాగ్దానమును మాత్రము చాటువాడు న్యాయస్థానమున నైనచో కూటసాక్షి యనిపించుకొనును. రసజ్ఞుల గోష్ఠిలో మాత్రము సహృదయుడనిపించుకొనుచున్నాడు!

1953లో ఈ నాటకము జార్జియా రాష్ట్రమున ప్రదర్శింపబడినప్పుడు అచ్చటి శాసనసభ్యులు కొందరు మండిపడిరి. ఆ రెండవ పాట జాత్యంతరవివాహమును సమర్థించుచున్నదనియు, తమ జీవనవిధానమునకు ముప్పు తెచ్చుననియు వారు ఘోషించిరి. వారి బుద్ధి సంకుచితమే. అయినను నాటకము తమ్ము నిందించుచున్నదని వారు గ్రహించిరి. ఆ నాటకపు పాటలనే హాయిగా కూనిరాగము తీయుచు, అందు తమ ప్రసక్తియే లేదనుకొను రసికునికంటె ఆ కోపిష్ఠులే నాటకమును బాగుగా చదివినవారు.

దీనికి పూర్వమే, 1927 డిసెంబరులో, జెరోమ్ కెర్న్ సంగీతముతో హేమర్‌స్టెయిన్ ‘షో బోట్’ అను నాటకమును రంగమెక్కించెను. మిసిసిపీ నదిపై ఊరూరికి సాగుచు నాటకములాడు ఓడ యందలి కథ యది. ఆ బృందమున ప్రధాననటి జూలీ. తాను వలచినవాడు ఎట్టివాడైనను వలవక యుండలేనని ఆమె యొక పాట పాడును. ఓడలో వంటచేయు నల్లజాతి స్త్రీ యది విని, నల్లవారు మాత్రమే యెరిగిన యీ పాట ఈ దొరసానికెట్లు తెలిసెనని యబ్బురపడును. జూలీ గుట్టును ప్రేక్షకునికి మొట్టమొదట సూచించునది ఆ ప్రేమగీతమే. ఆమె తల్లి నల్లజాతి స్త్రీ. భర్త స్టీవ్ తెల్లవాడు. అట్టి వివాహము ఆ రాష్ట్రమున నేరము. అధికారి పట్టుకొనుటకు వచ్చుచున్నాడని తెలిసి, స్టీవ్ భార్యచేతిని కత్తితో గీసి ఆ నెత్తురు చప్పరించును. తనలోను నల్లజాతి రక్తమున్నదని ప్రమాణము చేయుటకు! చట్టము నోరు మూతపడినది గాని, దంపతులు ఓడ విడువక తప్పలేదు.

ఇట్టి వివాహములను నిషేధించు చట్టములు చెల్లవని అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది 1967లో. అప్పటికిని 16 రాష్ట్రములలో అవి నిలిచియేయున్నవి. నాటకమునకును తీర్పునకును నడుమ నలువదియేండ్లు! జూలీ పాట రంగస్థలము దాటి, గ్రామఫోను పలకలపైకిని చలనచిత్రములలోనికిని ఎక్కినది. జూలీవంటి స్త్రీకి మాత్రము ఆ రాష్ట్రములలో భార్య యను పేరు దక్కలేదు. పాటకు సింహాసనము, పాడినదానికి వీధి!

‘పాట పాటయే, రాగమున రాజకీయములేల? శ్రమపడి యింటికి వచ్చినవాడు ఒక్క నిమిషము సంతోషించినచో మీకేమి నష్టము?’ అని కొందరందురు. సంతోషింపవద్దని నేను చెప్పలేదు. కాని రాగమే కథను మోయునట్లు ఈ నాటకములను కట్టిరి. 1957లో రంగమెక్కిన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని చూడుడు. రోమియో జూలియట్ల కథను న్యూయార్కు వీధులకు తెచ్చి, లెనార్డ్ బెర్న్‌స్టెయిన్ సంగీతమును, స్టీఫెన్ సోండ్‌హైమ్ గీతములను సమకూర్చిరి. తెల్ల యువకుడు టోనీ, ప్యూర్టోరికో కన్య మరియా మేడవెనుక ఇనుపమెట్లపై పాడుకొన్న యుగళగీతపు స్వరమే, కొంతసేపటికి మరల వినవచ్చును. ఇప్పుడు దానిచుట్టు ఇరుపక్షముల యువకులు కొట్లాటకు సిద్ధపడుచు పాడుచున్నారు. ఒకే రాత్రికై ప్రేమికులును ఎదురుచూచుచున్నారు, పగవారును ఎదురుచూచుచున్నారు. స్వరకర్త ప్రేమను పగనుండి విడదీయక, రెంటిని ఒకే గీతమున బంధించెను. ఆయన బంధించినదానిని త్రెంచి, తీపి ముక్క మాత్రము నోట వేసికొనుట సంగీతాభిమాన మెట్లగును?

ఈ కర్తలు నిర్దోషులని నేను వాదింపను. లియట్ నోట మాటలు బహుస్వల్పము; ఆమె యేమి కోరెనో ఆమె చెప్పగా మనము వినము. కేబుల్ మనసు మారిన పిమ్మట అతనిని యుద్ధమున చంపివేసి, కవి ఆ వివాహమును తప్పించుకొనెను. జూలీ నాటకపు ఉత్తరభాగమున త్రాగుడుపాలై, తన కొలువును మరియొకతెకు విడిచి, కనుమరుగగును. టోనీ తుపాకిగుండునకు కూలును. కాని ‘సౌత్ పసిఫిక్’ నందే మరియొక జంట కలదు. తాను వలచిన ఫ్రెంచివాడు ఎమీల్‌కు, గతించిన పాలినీషియా స్త్రీవలన ఇద్దరు పిల్లలున్నారని తెలిసి, నర్సు నెల్లీ మొదట వెనుదిరుగును. తుదకు తన దురభిమానమును తానే జయించి, ఆ పిల్లల చెంతకు వచ్చి కూర్చుండును. ఎమీల్ తొలిరంగమున పాడిన సుప్రసిద్ధగీతము సార్థకమైనది ఆ క్షణమున. ఆ పాటను లక్షలమంది పాడిరి. నెల్లీ వచ్చినంత దూరము వచ్చినవారెందరు?

‘ఇది పరదేశపు గొడవ’ యని చదువరులు తప్పించుకొన వీలులేదు. పాటను నాటకమునుండి త్రెంచుట మనకు తెలియని విద్య గాదు. పద్యనాటకమున పాత్ర దుఃఖమున మునిగియుండగా ‘వన్సుమోర్’ అని కేకవేసి, ఆ యేడ్పునే మరల పాడించుకొన్నవారము మనము. ఇక వెలివేయుట మాట. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపించినప్పుడు వెలిబాధ తప్పలేదు. శృంగారపదములను చెవులారగ్రోలిన సంఘమే ఆ పని చేసినది. 1954 ప్రత్యేకవివాహచట్టము మతాంతరవివాహమునకు త్రోవ తెరచినది గాని, 30 దినముల ముందు బహిరంగప్రకటన యను ముల్లుకంచె నా త్రోవలోనే నాటినది. యుక్తవయస్కుల వివాహమున కులపెద్దలు జోక్యము చేసికొనుట చట్టవిరుద్ధమని సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పవలసివచ్చినది. తీర్పు వచ్చిన పిమ్మటను, కులము మీరి పెండ్లాడిన బిడ్డను కన్నవారే చంపించిరన్న వార్తలు మన పత్రికలలో కనబడుచున్నవి. అట్టి యిండ్లలోను ప్రేమగీతములు మ్రోగియే యుండును. పెండ్లిపందిళ్లలో వాటిని మ్రోగించి, ఆ పందిటిలోనే గోత్రమును, శాఖను, కట్నమును లెక్కించువారము మనము గామా?

కావున ప్రేమగీతములను ఏరి కూర్చువారికి నా మనవి యిది. పాటతోపాటు దాని కథను చెప్పుడు. ఎవరు, ఎవరితో, ఏ నిషేధమునకు ఎదురుగా పాడిరో వ్రాయుడు. కేబుల్ మొదటి పాట ప్రక్కనే రెండవదానిని చేర్చుడు. సభలలో పాడువారు ఒక్క పాటను గాక, దాని ముందువెనుకల రంగమును గూడ ప్రదర్శింపుడు. వినువారికిని ఒక మనవి కలదు. మీ కుమార్తె యొకనాడు తాను వలచినవానిని వెంటబెట్టుకొని గుమ్మమున నిలిచినచో, అతని కులమడుగుటకు ముందు, మీకు మిక్కిలి ప్రియమైన ప్రేమగీతమును ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అప్పుడు తలుపు తీసినవాడే ఆ పాటను విన్నవాడు.