పురుడు పోసే చదువు ఫోనులో ఎంత, చేతిలో ఎంత?

రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్లలో వెనకటి తరం బొడ్లు ఎవరు కోశారు? మన పేటల ఆడవాళ్లు, మంగలి, చాకలి కులాల ఆడవాళ్లు. మామూలు రోజుల్లో గుమ్మం తొక్కనివ్వని కామందులే నొప్పులు మొదలైతే అర్ధరాత్రి మన ముసలమ్మ కోసం మనిషిని పంపేవారు. పురుడు పోసి, మాయ పూడ్చి, గుడ్డలు ఉతికి వస్తే దక్కేది కుంచెడు వడ్లు, ఓ పాత చీర. పైగా మైల అని పేరు! ఆ పనికి ఇప్పుడు సర్టిఫికెట్టు వచ్చింది, జీతం వచ్చింది. అందులో మన పిల్లలు ఎందరుంటారన్నదే మేం అడిగేది.

మళ్లీ ఇంట్లోనే కనమని మేం చెప్పడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంచిదే. కానీ అదే సర్వేలో నూటికి 42 కాన్పులు కోత కాన్పులు. తెలంగాణలో 60 దాటాయి. అందుకే నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫ్ శిక్షణ ఇవ్వాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు తెచ్చింది. తెలంగాణ 2017లోనే మొదలెట్టింది.

ఈ చదువులోకి ఆన్‌లైన్ వచ్చింది. 2020లో కరోనాకి కాలేజీలు మూతపడితే నర్సింగ్ పాఠాలు ఫోనుకెక్కాయి. ఫోను పాఠం దండగ అనం. డెన్మార్క్ వాళ్ల సేఫ్ డెలివరీ యాప్ ఉంది. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ఏం చెయ్యాలి, బిడ్డ ఊపిరి తీయకపోతే ఏం చెయ్యాలి, బొమ్మల్తో చూపిస్తుంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా ఆడుతుంది. దాన్ని వాడిన ఇథియోపియా ఆరోగ్య కార్యకర్తల నైపుణ్యం పెరిగిందని 2016లో పరిశోధకులు రాశారు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: వాళ్లు అప్పటికే కాన్పులు చేస్తున్నవాళ్లు. పని తెలిసిన చేతికి ఫోను పదును పెట్టింది. పొట్టమీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో పట్టుకోవడం, నొప్పుల్లో ఉన్న మనిషి పక్కన కూచోవడం తెర మీద ఎల్లా వస్తాయి?

ఇక ఫోను ఎవరిదండీ? అదే సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 21 మంది, మగవాళ్లు 48 మంది పైచిలుకు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కూలికెళ్లే ఇంట్లో ఒక్క ఫోనుంటే అది నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. పాఠం పొద్దున పదింటికి, ఫోను ఇంటికొచ్చేది రాత్రి ఎనిమిదింటికి. పైగా పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో!

ఆన్‌లైన్ పెట్టండి, కానీ ఎస్సీ హాస్టలు పిల్లలకి ఫోను, నెట్ సర్కారే ఇవ్వాలి. పాఠం తెలుగులోనూ ఉండాలి. తెర మీద గడిపిన గంటల్ని పురుటి గదిలో గడిపినట్టు లెక్క రాయకూడదు. చేతులు తిరగని నర్సు ముందు పడుకునేది డబ్బున్న ఇంటి ఆడబిడ్డ కాదు, మన ఆడబిడ్డే.

కార్యకర్తలకి ఒక పని. మీ ఊళ్లో నర్సింగ్ చదివే మన పిల్లలెందరో, ఎవరికి సొంత ఫోనుందో రాసుకోండి. వాళ్ల రికార్డు పుస్తకంలో ఉన్న కాన్పుల్లో చేత్తో చేసినవి ఎన్నో నెమ్మదిగా అడగండి. పేర్లు బయటపెట్టకుండా ఆ లెక్క మాకు పంపండి.