పనితనానికి పట్టా ఇచ్చేదెవరు?

మెకానిక్ షెడ్డులో పదేళ్లు పనిచేసిన యువకుడు ఇంజన్ చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగలడు. కాని ఒక కంపెనీలో ఉద్యోగానికి వెళితే, అతణ్ణి అడిగే మొదటి ప్రశ్న 'సర్టిఫికెట్ ఏదీ?' అని. ఉస్తాద్ చేతికి పానా అందించడంతో మొదలైన అతని చదువుకు పరీక్షా లేదు, పట్టా లేదు. ఇలాంటి మెకానిక్కులు, వెల్డర్లు, దర్జీలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. ముస్లింలు ఎక్కువగా స్వయం ఉపాధిపైనే ఆధారపడుతున్నారని సచార్ కమిటీ 2006లోనే తేల్చి చెప్పింది. కనుక ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు.

బడిలో నేర్చినా, షెడ్డులో నేర్చినా వచ్చిన పనికి గుర్తింపు ఉండాలన్న సూత్రాన్ని కేంద్ర ప్రభుత్వం 2013లో జాతీయ నైపుణ్య అర్హతల విధానం ద్వారా అంగీకరించింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, అప్పటికే పని వచ్చినవారికి కొద్ది గంటల అవగాహన తరగతులు నిర్వహించి, పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేశారు. ఒక్కో వృత్తిలో పనివాడికి ఏమేమి వచ్చి ఉండాలో ప్రమాణాలు రాశారు. శిక్షణ ఇచ్చినవారు కాక వేరొకరు వచ్చి, ఆ ప్రమాణాల ప్రకారం పరీక్షించాలన్నారు. పట్టాలిచ్చే సంస్థలను, పరీక్షించే సంస్థలను గుర్తించి అదుపులో ఉంచడానికి 2018లో ఒక జాతీయ మండలిని ఏర్పాటు చేశారు. అది 2020 నుంచి పనిచేస్తోంది. ఇదంతా హర్షించదగినదే.

మరి ఆచరణ సంగతేమిటి? 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చేదు నిజాలు బయటపెట్టింది. ఈ పథకం రికార్డుల్లో అత్యధిక అభ్యర్థుల బ్యాంకు ఖాతా వివరాలు సరిగా లేవు. ఒకే ఫొటోను వేర్వేరు అభ్యర్థులకు వాడిన ఉదంతాలూ బయటపడ్డాయి. అభ్యర్థి ఎవరో తేలనప్పుడు అతనికి పని వచ్చునని ఎవరు ధ్రువీకరించినట్లు? ఇలాంటి పట్టాలు బజారులోకి వస్తే, నిజంగా పని వచ్చినవాడి పట్టాను కూడా యజమాని అనుమానంగానే చూస్తాడు. అసలు అన్యాయం ఇక్కడే జరుగుతోంది.

ఇంగ్లండులో 1986లో ప్రవేశపెట్టిన జాతీయ వృత్తి అర్హతల పద్ధతిని ఇక్కడ గమనించాలి. అందులో పరీక్షకుడు పనిచేసే చోటికే వెళ్లి, పని జరుగుతుండగా చూస్తాడు. ప్రశ్నలు వేస్తాడు. చేసిన పనికి రుజువులను, పైవాడి సాక్ష్యాన్ని ఒక ఫైలులో చేరుస్తారు. పరీక్షకుని తీర్పులు సరిగా ఉన్నాయో లేదో అదే కేంద్రానికి చెందిన మరొకరు కొన్ని ఫైళ్లు తీసి చూస్తారు. ఆపైన పట్టా ఇచ్చే సంస్థ తన మనిషిని పంపి మళ్లీ తనిఖీ చేయిస్తుంది. అంటే పరీక్షకుణ్ణి పరీక్షించేవారు కూడా ఉంటారన్నమాట. కాగితాల బరువు ఎక్కువైందన్న విమర్శ అక్కడా వచ్చింది. అయినా అందులోని మూలసూత్రం మనకు పనికివచ్చేదే.

గల్ఫ్‌కు వెళ్లేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. సౌదీ అరేబియా 2021లో వృత్తి నైపుణ్య పరీక్షల కార్యక్రమం ప్రారంభించింది. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు వంటివారికి రాత పరీక్షతో పాటు చేతిపని పరీక్ష కూడా పెడుతున్నారు. ఈ పరీక్షలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. ఏజెంటు చేతిలో పెట్టిన ఉత్తుత్తి కాగితం అక్కడ నిలబడదు.

మరి ఏం చేయాలి? ఒక్కపూట పరీక్షతో సరిపెట్టకుండా, షెడ్డులోనే, కుట్టు మిషన్ ముందే, కొన్ని రోజుల తేడాతో రెండు మూడుసార్లు పని చూడాలి. పేరున్న ఉస్తాద్‌లకు శిక్షణ ఇచ్చి పరీక్షకులుగా నియమించాలి. ఎవరి శాగిర్దులను వారు మాత్రం పరీక్షించకూడదు. ఇచ్చిన పట్టాల్లో కొన్నింటిని ఎంచి, ఆ మనుషుల చేత మళ్లీ పని చేయించి చూడాలి. అప్పుడే పట్టా ఇచ్చినవారిలో భయం ఉంటుంది.

ప్రభుత్వాన్ని అడగడంతోనే మన బాధ్యత తీరదు. శాగిర్దుకు పనితో పాటు కొలతలు, లెక్కలు, భద్రతా నియమాలు నేర్పడం ఉస్తాద్‌ల విధి. పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవారిని గుమ్మం నుంచే పంపివేయడం తల్లిదండ్రుల విధి. పట్టా అంటే పనికి సాక్ష్యం. ఆ సాక్ష్యం అబద్ధమైతే ముందుగా నష్టపోయేది చేతిలో నిజంగా పని ఉన్న పేదవాడేనని మనం మరచిపోరాదు.